తాళం వేసిన బీరువా కూడా నిషేధమే

పోస్టు పెద్దగనే ఉంటది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చదివి తిట్టండి. మేం అడిగేది కూడా అదే.

పోయిన నవంబర్ 15న మా హాస్టల్‌లో బిర్సా ముండా జయంతి చేసినం. 2021 నుంచి ఆ రోజును కేంద్ర ప్రభుత్వం జనజాతీయ గౌరవ దివస్ అని జరుపుతున్నది కదా. బిర్సా ఫొటోకు బంతిపూల దండ వేసినం. పెద్ద సార్లు వచ్చి మాట్లాడిండ్రు. "మీరంతా బిర్సా లెక్క కావాలె" అన్నరు. చప్పట్లు కొట్టినం. ఉప్మా, స్వీటు పెట్టిండ్రు.

సరిగ్గా రెండు వారాలకు రూములు చెక్ చేసిండ్రు. హీటర్లు, ఇస్త్రీపెట్టెలు దొరుకుతయని వచ్చిండ్రు. మా రూములో హీటర్ దొరకలేదు, ఒక పుస్తకం దొరికింది. పేరు 'ఎవరిదీ అడవి'. మహాశ్వేతా దేవి బెంగాలీల రాసిన నవలకు తెలుగు. మా సీనియర్ అన్న అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని, డిగ్రీ అయిపోయి పోయేటప్పుడు మాకు ఇచ్చి పోయిండు. అట్టలు ఊడిపోయి, సూది దారంతో కుట్టి పెట్టుకున్నం. సారు పేరు చూసిండు, రెండు పేజీలు తిప్పిండు, "ఇసొంటివి హాస్టల్‌ల వద్దు, రేపు ఏమన్నా అయితే నా ఉద్యోగం పోతది" అని చంకల పెట్టుకుని పోయిండు.

ఆ పుస్తకం ఎవరి గురించి? బిర్సా ముండా గురించి. రెండు వారాల కింద దండ వేసిన మనిషి గురించే. దాని బెంగాలీ మూలానికి 1979లో సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చిండ్రు. అంటే ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థ సన్మానం చేసిన పుస్తకాన్ని ప్రభుత్వ సొమ్ముతో నడిచే హాస్టల్‌ల గుంజుకున్నరు. బిర్సా గోడ మీద ఫొటోలెక్క ఉంటే గౌరవం. మా దిండు కింద పుస్తకం లెక్క ఉంటే అనుమానం.

హాస్టల్ పేరు, సారు పేరు రాస్తలేం. సారు చెడ్డ మనిషి కాదు. జ్వరం వస్తే ఆయననే బండి మీద దవాఖానకు తీస్కపోయిండు. మా గొడవ ఆయనతోని కాదు. ఆయనలో ఉన్న భయంతోని. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది, దానికి చట్టంల చోటు ఉన్నదా అని అడగడానికే ఈ పోస్టు.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంల ఒక పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించాలంటే ఒక పద్ధతి ఉన్నది. పాత సీఆర్‌పీసీల అది 95వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితల 98వ సెక్షన్. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలె. అందుల కారణాలు రాయాలె. దాని మీద రెండు నెలల్లోపు హైకోర్టుకు పోయే హక్కు ఉంటది, ముగ్గురు జడ్జీలు కూర్చుని వింటరు. ఆ సెక్షన్ మంచిదని మేం అంటలేం. 2025 ఆగస్టులో జమ్ము కశ్మీర్‌ల ఆ సెక్షన్ కిందనే ఒక్క దెబ్బకు 25 పుస్తకాలను నిషేధించిండ్రు. కానీ ఆ నిషేధానికి కూడా ఒక కాగితం ఉన్నది, ఒక సంతకం ఉన్నది, కొట్లాడడానికి ఒక కోర్టు ఉన్నది. మా పుస్తకానికి ఏమున్నది? కాగితం లేదు, కారణం లేదు, అప్పీలు లేదు. ముఖ్యమంత్రి కూడా రాసి సంతకం పెట్టి చేయాల్సిన పనిని మన దగ్గర ఎవరైనా నోటిమాటతో చేస్తున్నరు.

ఇప్పుడు రెండో సంగతి, లైబ్రరీ.

హాస్టల్‌ల పుస్తకం పోయిందని మేం ముగ్గురం దగ్గరున్న పబ్లిక్ లైబ్రరీకి పోయినం. అక్కడ ఏమున్నయో పటాన్‌చెరు, సంగారెడ్డి దిక్కు చదువుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. నాలుగు పేపర్లు, రెండు బెంచీలు, గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు ప్రిపేరయ్యే మనలాంటోళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న మెటీరియల్ పెట్టుకుని కూర్చునుడు. గోడకు ఆనుకుని ఆరు ఇనుప బీరువాలు. అద్దాల వెనుక పుస్తకాలు కనబడతయి, చేతికి రావు. తాళం ఎవరి దగ్గర అంటే "ఆ సారుకు మూడు లైబ్రరీల చార్జి, గురువారం వస్తడు" అన్నరు. గురువారం పోతే రాలేదు. ఇంకో గురువారం వచ్చిండు. మెంబర్‌షిప్ అడిగితే ఆధార్ చూసి "మీది నారాయణఖేడ్ దిక్కు తండా అడ్రస్ కదా, ఇక్కడోళ్లకే ఇస్తం" అన్నడు. మేం ఇక్కడనే మూడేండ్ల నుంచి తింటున్నం, పంటున్నం, ఓటు కూడా రాయించుకున్నం. మా అయ్యలు ఇక్కడి ఫ్యాక్టరీలల్ల పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నరు. పని చేయడానికి ఇక్కడోళ్లం, పుస్తకం తీసుకోవడానికి తండావోళ్లం.

దీన్ని నిషేధం అనరు. "సిబ్బంది కొరత" అంటరు, "రూల్స్" అంటరు. కానీ ఫలితం చూడండి. పుస్తకం ఉన్నది, చదివేటోడు ఉన్నడు, నడుమ తాళం ఉన్నది. కాల్చిన పుస్తకానికీ, ఎన్నడూ తెరవని బీరువాలో చెదలు తిన్న పుస్తకానికీ చదివేటోడి దిక్కునుంచి తేడా ఏమున్నది?

ఆ లైబ్రరీ ఎవరి దయ కాదు. మన ఇండ్లకు, షాపులకు, కట్టడాలకు కట్టే ఆస్తి పన్నుల రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలె. కిరాయికి ఉండే మనం కూడా ఓనర్ కిరాయిల కలిపి తీసుకునే పన్ను రూపంల ఆ 8 పైసలు కడుతున్నట్టే. కట్టినోడికి తాళం చెవి అడిగే హక్కు ఉన్నది.

"అరే, ఇదంతా ఇప్పుడెందుకు? ముందు జాబ్ కొట్టండి, తర్వాత నవలలు చదువుకోవచ్చు." ఈ మాట మనకు రోజూ చెప్తరు. చెప్పేటోళ్లలో మనమంటే పావురం ఉన్నోళ్లు కూడా ఉన్నరు. మా యాడి కూడా అదే అంటది. కానీ ఒక్కటి ఆలోచించండి. పోటీ పరీక్షల బిర్సా ఒక బిట్టు. "బిర్సా ముండా ఏ సంవత్సరంలో చనిపోయాడు?" నాలుగు ఆప్షన్లు, 1900 అని పెడితే ఒక మార్కు. కొమురం భీం ఒక బిట్టు. జోడేఘాట్ ఒక బిట్టు. 1940 ఒక బిట్టు. మన పెద్దోళ్ల బతుకును బిట్టు చేసి మనకే ఇస్తరు. ఎందుకు తిరగబడ్డరు, లోపల ఎవరు మోసం చేసిండ్రు, ఏం తప్పు చేసిండ్రు, ఆడోళ్లు ఏం చేసిండ్రు, ఇవన్నీ బిట్టుల పట్టవు. దానికి పుస్తకమే కావాలె.

చదువు రాకపోతే ఏమయితదో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మా రూమ్మేట్ వాళ్ల బా ఇదే బెల్టులో ఒక ఫ్యాక్టరీల కాంట్రాక్టు కింద పనిచేసేటోడు. మిషన్‌ల రెండు వేళ్లు పోయినయి. దవాఖాన నుంచి వచ్చినంక కాంట్రాక్టరు మనిషి ఒక ఇంగ్లిష్ కాగితం తెచ్చి వేలిముద్ర పెట్టించుకుండు. మిగిలిన వేలితోని పెట్టిండు. తర్వాత మేం చదివితే అందుల "నా ఇష్టంతోనే పని మానేస్తున్నాను, నాకు రావాల్సిన బాకీ ఏమీ లేదు" అని ఉన్నది. మన తాతలకు, తండ్రులకు అందరికీ ఇసొంటి కాగితం ఒకటన్నా ఉంటది. ఏం చదవాలో ఎదుటోడు నిర్ణయించినప్పుడు ఎక్కడ సంతకం పెట్టాలో కూడా వాడే నిర్ణయిస్తడు.

ఇంకో ముచ్చట. మన నక్కవాగు గురించి మనకంటే స్వీడన్ వాళ్లకు ఎక్కువ తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక వ్యాసం అచ్చేసిండ్రు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురికినీళ్లను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని తేల్చిండ్రు. ఆ మందు మింగిన రోగి రక్తంల ఉండే దానికంటే ఇది ఎక్కువ. ప్రపంచమంతా దాని మీద చర్చ చేసింది. ఆ నీళ్ల ఒడ్డున ఉన్న ఊర్ల పిల్లలు చదువుకునే లైబ్రరీల దాని మీద తెలుగుల నాలుగు పేజీల పుస్తకం మాకు దొరకలేదు. ఎవరూ దాన్ని నిషేధించలేదు, నిజమే. నిషేధించాల్సిన అవసరమే రాలేదు. ఇంగ్లిషే దానికి తాళం.

ఇదే జిల్లాకు ఇంకో చరిత్ర కూడా ఉన్నది. 1930 మార్చిలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగింది? మన జోగిపేటల. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అప్పుడు సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అడ్డం. సర్కారు అనుమతి లేనిదే నలుగురు కూడొద్దు. తెలుగుల చదువుకునుడే అనుమానం. అట్లాంటి కాలంల 1901లో హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిండ్రు, 1904లో హనుమకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టిండ్రు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరు తిరిగి పుస్తకాలు అమ్మిండు. ఆయన పెద్ద చదువు చదువుకున్నోడు కాదు, ఇండ్లల్ల వంట చేసి, హోటల్‌ల పనిచేసి పైకి వచ్చినోడు. ఆయనను జైల్ల పెట్టిండ్రు. ఆయనతో పాటు నిజామాబాద్ జైల్ల ఉన్న దాశరథి బొగ్గుతో గోడ మీద కవిత్వం రాసిండు. అటు కోస్తాల పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవల పుస్తకాలు పెట్టుకుని ఊర్లకు తీస్కపోయిండు. తొంబై ఏండ్ల కింద పుస్తకం పడవెక్కి కూలోళ్ల దగ్గరికి పోయింది. ఇయ్యాల బీరువా నుంచి బెంచీ దాకా పదడుగులు రాలేకపోతున్నది.

సంగారెడ్డిల 1796 నాటి పాత జైలు ఉన్నది. ఇప్పుడది మ్యూజియం. 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీ లెక్క ఉండి వచ్చే ఏర్పాటు 2016లో పెట్టిండ్రు. జైలునేమో జనం చూడడానికి తెరిచిండ్రు, బీరువాలకేమో తాళాలు వేసిండ్రు. మేమే ఈ మాట మీద నవ్వుకున్నం, తర్వాత నవ్వు రాలేదు.

నిషేధించిన పుస్తకాల చరిత్ర చూస్తే ఒకటి అర్థమయితది. ఎక్కువసార్లు కింది కులాల, అడవి మనుషుల కథ చెప్పిన పుస్తకానికే దెబ్బ పడ్డది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్ల ఉండి 'మాలపల్లి' రాసిండు. మాల ఇంటి మనుషులను నాయకులుగా పెట్టి 1922లో వచ్చిన ఆ నవలను బ్రిటిష్ మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒకసారి ఎత్తేసి మళ్లీ 1936లో పెట్టింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చినంకనే పూర్తిగా పోయింది. 2021 ఆగస్టులో ఢిల్లీ యూనివర్సిటీ ఇంగ్లిష్ సిలబస్ నుంచి మహాశ్వేతా దేవి 'ద్రౌపది' కథను తీసేసిండ్రు. అందుల ద్రౌపది సంతాల్ ఆడబిడ్డ. ఆమెతోపాటు బామ, సుకీర్తరాణి అనే ఇద్దరు తమిళ దళిత రచయిత్రులను కూడా తీసేసిండ్రు. 2017లో కంచ ఐలయ్య పుస్తకం మీద ఎంత లొల్లి అయిందో మనకు తెలుసు. నిషేధించాలని సుప్రీంకోర్టు దాకా పోయిండ్రు. అదే ఏడాది అక్టోబర్ 13న కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఐలయ్య రాసిన ప్రతి మాటతోని మేం ఒప్పుకోం. ఒప్పుకోకపోవడానికి కూడా ముందు చదవాలె కదా.

ఇప్పటిదాకా చదివి "బరాబర్ చెప్పిండ్రు" అన్నోళ్లు ఇక్కడ కొంచెం ఆగండి. ఇప్పుడు మన సంగతి మాట్లాడుకుందాం.

కొన్ని నెలల కింద ఇదే గ్రూపుల ఒక పోస్టు వచ్చింది. ఒక కథల పుస్తకంల మన తండా ఆడోళ్లను తప్పుగా చూపించిండ్రు, దాన్ని బంద్ చేయాలె, షాపులల్ల నుంచి తీసేయాలె అని. మూడు వందల మందికి పైగా కింద చేయి ఎత్తిండ్రు. అందుల మేం కూడా ఉన్నం. ఆ రాత్రి మా రూముల మేమే ఒకరినొకరు అడుక్కున్నం, ఆ కథ ఎవరన్నా చదివిండ్రా అని. నలుగురిల ఒక్కడు కూడా చదవలేదు. స్క్రీన్‌షాట్‌ల ఉన్న ఆరు లైన్లు చూసి చేయి ఎత్తినం. సారు మా పుస్తకం రెండు పేజీలు తిప్పిండు. మేం ఆ రెండు పేజీలు కూడా తిప్పలేదు.

జార్ఖండ్‌ల ఏమయిందో వినండి. హాంస్దా సౌవేంద్ర శేఖర్ సంతాల్ బిడ్డ, సర్కారు డాక్టరు. ఆయన కథల పుస్తకం 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' 2015లో వచ్చింది. సంతాల్ ఆడోళ్లను కించపరిచిండని 2017లో గొడవ లేచింది. ఆ గొడవల సంతాల్‌లు కూడా ఉన్నరు, దిష్టిబొమ్మలు కాల్చిండ్రు. ఆగస్టుల రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి, ఆయనను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. డిసెంబర్‌ల పరిశీలించి, తప్పేం లేదని నిషేధం ఎత్తేసింది. ఆ పుస్తకంల పేరు పెట్టిన కథ దేని గురించో తెలుసా? భూములు పోగొట్టుకుంటున్న ఊర్ల నుంచి వచ్చిన ఒక ముసలి కళాకారుడు, రాష్ట్రపతి ముందు ఆట ఆడమంటే, ఆడను అంటడు. అంతే కథ. అన్నలారా, అక్కలారా, మనను కలెక్టరాఫీసు కార్యక్రమాలకు, మంత్రుల సభలకు ఎందుకు పిలుస్తరు? అద్దాల బట్టలు వేసుకుని లంబాడీ డాన్స్ చేయడానికి, గుస్సాడీ ఆడడానికి. ఎండల రెండు గంటలు నిలబెడతరు. మన అందరి తరఫున "ఆడను" అన్న కథను, మనలాంటోళ్లే పోయి బంద్ చేయించిండ్రు. లాభం ఎవరికి అయింది?

బయటోళ్లు మన గురించి తప్పు రాస్తే ఏం చేయాలె మరి? కోపం రావాలె. కోపం తప్పు కాదు. సినిమాలల్ల, నవలలల్ల మన ఆడోళ్లను ఎట్లా చూపిస్తరో మాకూ తెలుసు. జవాబు రాయాలె, సభల నిలదీయాలె, రచయితను పిలిచి మన తండాల కూర్చోబెట్టి అడగాలె. అబద్ధం రాసి పరువు తీస్తే కోర్టుకు పోవచ్చు. మనిషిని కొట్టమని, చంపమని రాసేది వేరే సంగతి, దానికి వేరే చట్టాలున్నయి. చిన్నపిల్లలకు ఏ వయసుల ఏ పుస్తకం అనేది కూడా వేరే మాట, అది టీచర్లు, తల్లిదండ్రులు మాట్లాడుకోవాలె. మేమైతే ఇరవై ఏండ్లోళ్లం. ఓటు వేసి ప్రభుత్వాన్ని ఎన్నుకునే వయసు వచ్చిందంటరు, నవలను ఎన్నుకునే వయసు రాలేదంటరు.

ఇంకొక కారణం కూడా ఉన్నది. నిషేధం అనే కట్టె బలమున్నోడి చేతిలనే ఎక్కువసేపు ఉంటది. ఇయ్యాల మనం ఒక పుస్తకం మీద దాన్ని లేపితే, రేపు అదే కట్టె మనోళ్ల పుస్తకం మీద పడతది. మనోళ్లు ఇప్పుడిప్పుడే రాస్తున్నరు. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ అన్నకు 'ఢావ్లో' కథలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన మనిషి. మన యాడీల మాట, మన పండుగ, మన ఆకలి తెలుగు అచ్చుల చూసుకున్నం. అందరం స్టేటస్‌లు పెట్టినం, పాటలు పెట్టినం. మా హాస్టల్ లైబ్రరీ అని బోర్డు ఉన్న రూముల ఆ పుస్తకం ఒక్క కాపీ లేదు. స్టేటస్ పెట్టినోళ్లల్ల ఎంతమంది కొని చదివిండ్రు? ఈ ప్రశ్న మాకు కూడా.

మేం అడుగుతున్నది ఇదీ.

ఒకటి. హాస్టల్‌ల ఎవరి పుస్తకమైనా తీసుకుంటే కాగితం మీద రాసి ఇవ్వాలె: పుస్తకం పేరు, తీసుకున్న తేదీ, కారణం, సంతకం. కారణం రాయలేకపోతే పుస్తకం వాపస్ ఇవ్వాలె.

రెండు. హాస్టల్ ఐడీ కార్డు మీద పబ్లిక్ లైబ్రరీ మెంబర్‌షిప్ ఇవ్వాలె. తండా అడ్రస్ అడ్డం కావద్దు.

మూడు. బీరువాల తాళాలు రోజూ తీయాలె. చార్జి ఉన్నోళ్లు లేకపోతే చదివేటోళ్లతోనే ఒక కమిటీ వేయాలె. మేం జీతం అడగం.

నాలుగు. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు గిరిజన రచయితల పుస్తకాలు, గోర్ బోలి, గోండి, కోయ భాషలల్ల వచ్చినవి, మన ప్రాంతపు నీళ్లు, గాలి, కార్మిక చట్టాల మీద తెలుగుల వచ్చినవి కొనాలె.

ఐదు. గ్రూపుల లా చదువుతున్న అన్నలు, అక్కలు మాకు సాయం చేయండి. పటాన్‌చెరు, సంగారెడ్డి దిక్కు ఫ్యాక్టరీల ఆస్తి పన్ను మీద లైబ్రరీ సెస్సు ఎంత వసూలైంది, ఎంత గ్రంథాలయ సంస్థకు చేరింది, అందుల పుస్తకాలకు ఎంత పెట్టిండ్రు అని సమాచార హక్కు కింద దరఖాస్తు వేద్దాం. పది రూపాయల ఫీజు మేం పెట్టుకుంటం, డ్రాఫ్టు మీరు చూడండి.

ఆరు. ఇది మనకు మనం పెట్టుకునే రూలు. ఇక నుంచి ఈ గ్రూపుల ఏ పుస్తకాన్నైనా బంద్ చేయాలని పోస్టు పెడితే, పెట్టినోళ్లు ఆ పుస్తకం మొత్తం చదివినట్టు ఒక పేజీ రాయాలె. చేయి ఎత్తేటోళ్లు కూడా. మేం చేయి ఎత్తిన పోస్టు కింద మా చేయి దించుకున్నం. ఆ కథల పుస్తకం చందా వేసుకుని తెప్పిస్తున్నం. చదివినంక నచ్చకపోతే గట్టిగా రాస్తం, ఇదే గ్రూపుల.

చివరగా ఒక మాట. సారు దగ్గరికి మేం నలుగురం పోయినం. గొడవ పడలేదు. "సార్, మా పుస్తకం మీ దగ్గరనే ఉంచుకోండి, కానీ మీరు ఒకసారి చదవండి. చదివినంక ఇది హాస్టల్‌ల ఎందుకు ఉండొద్దో మాకు చెప్పండి" అన్నం. సారు ఏమీ అనలేదు. పుస్తకం ఇంకా వాపస్ రాలేదు. వారం కింద ఆఫీసు రూముకు పోతే టేబుల్ మీద కనబడ్డది. నడుమ పేజీల ఒక బస్ టికెట్ గుర్తు పెట్టి ఉన్నది.

వాపస్ వచ్చేదాకా కూర్చోలేం కాబట్టి మా రూముల ఒక ట్రంకు పెట్టెను లైబ్రరీ చేసినం. ఇప్పటికి 23 పుస్తకాలు అయినయి. ఒక నోట్‌బుక్‌ల పేరు, తేదీ రాసి ఎవరైనా తీసుకోవచ్చు. పక్క రూమోళ్లు, వాచ్‌మెన్ తాత బిడ్డ, వంట అక్క కూడా తీస్కపోతున్నరు. వంట అక్క చదవలేదు, వాళ్ల కొడుకుతోని చదివించుకుని వింటదట. పెట్టెకు తాళం పెట్టలేదు. సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు మీ దగ్గర ఉన్నది ఒక్కటి తెచ్చి వేయండి. మాకు నచ్చనిదైనా ఫర్వాలేదు.

జై సేవాలాల్. జోహార్ బిర్సా. జోహార్ కొమురం భీం.

మీ తమ్ముళ్లం, హాస్టల్ పిల్లలం, సంగారెడ్డి జిల్లా